తైలచరిత్ర – ఆఱవ ప్రకరణము: పరసైన్యముల నడుమ ఇరాను

గత ప్రకరణమున 1933 నాటి ఒడంబడికతో కథను నిలిపితిమి. డార్సీ అను ధనికుడు 1901లో ముజఫరుద్దీన్ షా వలన సంపాదించిన తైలపు గుత్తను రెజా షా 1932 నవంబరులో రద్దుచేసినట్లు ప్రకటించి, కొలది మాసములు గడవకముందే, ప్రజలకు పెద్ద మేలేమియు కూర్పని క్రొత్త గుత్తను 1993వ సంవత్సరము వఱకు చెల్లునట్లుగా, ఆ గుత్త ననుభవించుచున్న బ్రిటిషు తైలకంపెనీకే వ్రాసియిచ్చిన విధమును పాఠకులెఱుగుదురు. ఈ పర్యాయము చెప్పవలసిన విషయము అంతకన్న చిక్కైనది. దేశమున ఉత్తరభాగమున ఒక మహారాజ్యపు సైన్యమును, దక్షిణభాగమున వేఱొక మహారాజ్యపు సైన్యమును విడిదిచేసి యుండగా, ఆ దేశపు ప్రజలు తమ భూగర్భమందలి తైలమును గూర్చి తమలో తాము స్వేచ్ఛగా వాదించుకొనగలరా? వాదించుకొన్నను ఆ వాదమునకు ఫలమేమైన నుండునా? 1941 మొదలు 1947 వఱకు ఇరాను ప్రజలు ఈ ప్రశ్నలకు తమ శాసనసభలోను, పత్రికలలోను, తుదకు అబాదాను కర్మాగారపు ద్వారములయొద్దను సమాధానము వెదకికొనిరి. ఆ సమాధానము ఒక్కచోట, ఒక్కనాట దొరకినది కాదు. దానిలో సగము రాజధానిలో పుట్టినది, తక్కిన సగము, నా దృష్టిలో ఎక్కువ విలువగల సగము, రాజధాని చూడనొల్లని దక్షిణదేశపు ఎండలో పుట్టినది.

1941 ఆగస్టు 25వ తేదీ తెల్లవాఱకముందే దండయాత్ర ఆరంభమయ్యెను. ఉత్తరమునుండి సోవియట్ సైన్యములు అజర్‌బైజాన్, గీలాన్, ఖొరాసాన్ ప్రాంతములలోనికి దిగెను. దక్షిణ పశ్చిమములనుండి వచ్చినవి పేరునకు బ్రిటిషు సైన్యములే గాని, అందు నడచిన పదాతులలో అధికసంఖ్యాకులు మన హిందూదేశపు సిపాయీలు. హిందూ సైన్యపు 8వ డివిజను షత్తల్ అరబ్ నదిని పడవలపై దాటి అబాదాను తైలశుద్ధి కర్మాగారమును, ఖొర్రంషహర్ రేవును వశపఱచుకొనెను. 10వ డివిజను, తరువాత బర్మా యుద్ధమున పేరుగాంచిన విలియం స్లిమ్ నాయకత్వమున, ఖానకీన్ మీదుగా కొండదారులెక్కి కెర్మాన్‌షా వైపు సాగెను. ఇరాను నౌకాదళాధిపతి బాయందోర్ ఆ యుదయముననే పోరాడుచు కూలెను. పలంగ్, బబ్ర్ అను రెండు చిన్న యుద్ధనౌకలు రేవులలోనే ఫిరంగిదెబ్బలకు మునిగిపోయెను. నాలుగవనాటికి క్రొత్త ప్రధానమంత్రి ఫరూఘీ పోరు విరమింపవలసివచ్చెను. సెప్టెంబరు 16న రెజా షా సింహాసనమును 21 ఏండ్ల కుమారునకు విడిచి, మారిషస్ ద్వీపమునకును, అచటినుండి జొహానెస్‌బర్గునకును ప్రవాసము పోయి, 1944లో ఆ పరదేశముననే మరణించెను.

ఇరానులో జర్మనులు చేరియున్నారనుట ఈ దండయాత్రకు చెప్పబడిన కారణము. జర్మను నిపుణులు కొన్ని వందలమంది అచట నుండిన మాట నిజమే. కాని హిట్లరు సేనలు రష్యా నడిబొడ్డునకు చొచ్చుకొనిపోవుచున్న ఆ వేసవిలో మిత్రరాజ్యములకు అత్యవసరముగా కావలసినవి రెండు: పారసీక సముద్రమునుండి కాస్పియను వఱకు పోవు రైలుమార్గము, అబాదాను తైలము. ఈ రెంటి కొఱకును, ఏ వైరమును లేని ఒక తటస్థరాజ్యము ఆక్రమింపబడెను. తన దేశమునకే స్వాతంత్ర్యము లేని హిందూదేశపు సిపాయి, తనతో ఏ కలహమును లేని పారసీకుని రేవును పట్టుకొనుటకు పంపబడుట, ఆ యుద్ధమున మన జాతికి జరిగిన అవమానములలో ఒకటిగా నేను తలంచుచున్నాను.

1942 జనవరి 29న ఇరానుతో బ్రిటను, సోవియట్ రష్యాలు చేసికొన్న సంధిలో రెండు మాటలు ముఖ్యములు. పరసైన్యములు దేశమున నుండుట ఆక్రమణము కాదనునది మొదటిది. యుద్ధము ముగిసిన పిమ్మట ఆఱు మాసములలోపల ఆ సైన్యములన్నియు తొలగిపోవలెననునది రెండవది. మొదటి మాటను ప్రజలెవ్వరును నమ్మలేదు. రెండవ మాటను మాత్రము వారు మఱవలేదు. తేయాకు మీదను చక్కెర మీదను పన్నులు వేసి, ఒక్క కాసైనను విదేశీ ఋణము తేకుండ రెజా షా కాలమున నిర్మించిన సుమారు 1,400 కిలోమీటర్ల రైలుమార్గము ఇప్పుడు పరుల సామగ్రిని మోయుటకు వినియోగమయ్యెను. అమెరికను సైనికులు 30,000 మంది వచ్చి ఆ మార్గమును నడిపిరి. యుద్ధము ముగియునప్పటికి 40 లక్షల టన్నులకు పైగా సరకులు ఇరాను మీదుగా రష్యాకు చేరెను. బండ్లన్నియు యుద్ధసామగ్రికే చాలకపోవుటచే ఒక రాష్ట్రపు ధాన్యము వేఱొక రాష్ట్రమునకు పోవు దారి మూసికొనిపోయెను. సైన్యముల వ్యయమునకై నోట్లు గుట్టలుగా ముద్రింపబడి రియాలు విలువ క్షీణించెను. వర్తకులు గోదాములకు తాళములు వేసిరి. 1942 డిసెంబరు 8న తెహరాను ప్రజలు రొట్టె కొఱకు శాసనసభ యెదుట గుమిగూడి, కాల్పులకు గుఱియై, ప్రధాని ఖవాముస్సల్తనా గృహమును దోచిరి. 1943లో బెంగాలు దేశమున ఏమి జరిగెనో ఎఱిగిన మనకు, యుద్ధకాలపు క్షామము వాన కుఱవకపోవుటచేతనే పుట్టదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంత దుర్దశలోను ఒక విచిత్రము జరిగెను. పదునాఱేండ్ల నిరంకుశపాలనము కూలిపోవుటచే, పరసైన్యముల నీడలోనే, ఇరాను ప్రజలకు నోరు వచ్చెను. చెఱసాలలు తెఱవబడెను. పత్రికలు వందలకొలది పుట్టెను. విడుదలయైన రాజకీయఖైదీలలో కొందఱు, వృద్ధ రాజవంశీయుడును ప్రజాపక్షపాతియునగు సులేమాన్ మీర్జా ఎస్కందరీ నధ్యక్షునిగా చేసికొని, 1941 శరత్తులోనే తూదే పక్షమును స్థాపించిరి. ఉత్తరమున సోవియట్ అధికారులు ఈ పక్షమునకు చోటిచ్చిరి. దక్షిణమున బ్రిటిషు అధికారులు దీనికి ప్రతిగా తమ మిత్రులగు భూస్వాములను, తెగనాయకులను చేరదీసిరి. పరుల అభిమానము తప్పని ఇట్టి వాతావరణమున ఎవరి మాట దేశాభిమానముచే వచ్చినదో, ఎవరి మాట పరప్రేరణచే వచ్చినదో తెలిసికొనుట ప్రజలకు మిక్కిలి కష్టమయ్యెను. 1944 నాటి తైలవాదమున ఈ కష్టము పరాకాష్ఠకు చేరెను.

ఆ వాదమును చెప్పుటకు ముందు బర్మా ప్రస్తావన కొంచెము చేయవలసియున్నది. డార్సీ తైలాన్వేషణమునకు మూలధనము చాలక చేతులెత్తివేయనున్న తరుణమున అతనిని నిలువబెట్టినది బర్మా ఆయిల్ కంపెనీ అని మొదటి ప్రకరణముననే చెప్పితిని. రంగూను నగరమును మన కోరంగి మొదలగు రేవులనుండి పోయిన తెలుగు కూలీల చెమట ఎంత పెంచెనో తెలుగువారికి తెలియును. అబాదానులో కర్మాగారము లేచిన తొలిదినములలో కంపెనీ రంగూనునుండియు పంజాబునుండియు పనివారిని తెచ్చుకొనగా, వారు కట్టుకొన్న రంగూనీల మసీదు ఆ నగరమున నేటికిని నిలిచియున్నది; 1920లోను, మరల 1922లోను అచట సమ్మె చేసి తొలుత తలయెత్తినవారు ఈ హిందూదేశపు కార్మికులే. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమై, తెలుగువారు వేలకొలది కొండలును అడవులును దాటి కాలినడకను స్వదేశము చేరిన దుఃఖకాలమున, బర్మా తైలకూపములు శత్రువునకు దక్కకుండ ధ్వంసము చేయబడెను. ఆనాటినుండి ప్రాచ్యదేశములందలి బ్రిటిషు సైన్యమునకును నౌకలకును అబాదాను తప్ప వేఱు దిక్కు లేకపోయెను. విమానములకు కావలసిన ఇంధనము తయారుచేయుటకై ఆ కర్మాగారము రేయింబవళ్లు నడచెను. కార్మికుల సంఖ్య పెరిగెను. వెలలు పెరిగినంతగా వారి కూలి పెరుగలేదు. అయినను నాజీజర్మనీ ఓడువఱకు యుద్ధప్రయత్నమునకు భంగము కలుగరాదని తూదే పక్షమువారు తైలప్రాంతమున సంఘనిర్మాణమునకు పూనుకొనకుండిరి. ఒక మహాకార్యము నిమిత్తము దీనజనులనే మొదట మౌనముగ నుండుడని కోరుట లోకమున తఱచుగా జరుగుచుండును.

1944లో యుద్ధపుగాలి మిత్రరాజ్యముల వైపు తిరిగిన వెంటనే తైలమునకు బేరగాండ్రు వచ్చిరి. షెల్ కంపెనీ ప్రతినిధులును, అమెరికా స్టాండర్డ్ వాక్యూమ్ కంపెనీ ప్రతినిధులును ఆగ్నేయప్రాంతపు గుత్త కొఱకు తెహరానులో మంతనములాడుచుండగా, సెప్టెంబరున సోవియట్ విదేశాంగ ఉపసచివుడు కవ్‌తరాద్జే పరివారముతో దిగి ఉత్తరరాష్ట్రముల తైలము తమకు కావలెనని కోరెను. ప్రధాని సాయెద్ భయపడి, యుద్ధము ముగిసి పరసైన్యములు తొలగువఱకు ఎవరికిని గుత్తలిచ్చు ప్రసక్తి లేదని ప్రకటించెను. భయమున పలికినదైనను ఆ మాట న్యాయమైనది. కవ్‌తరాద్జే పత్రికావిలేఖరుల నెదుట కూర్చుండబెట్టుకొని, తాను అతిథిగానున్న దేశపు ప్రభుత్వమును బాహాటముగ దూషించెను. అక్టోబరు 27న తూదే పక్షము తెహరాను వీథులలో సాయెద్ రాజీనామాను కోరుచు పెద్ద ఊరేగింపు నడిపెను. ఊరేగింపునకు కాపుగా సోవియట్ సైనికుల లారీలు నిలిచియుండెను. ఆనాడు పక్షపు కాపుదళమున చేతికి పట్టీ ధరించి నడచిన యువకుడొకడు ఆ లారీలను చూచి సిగ్గుపడి, సందులోనికి తప్పుకొని పట్టీ విప్పివేసితినని తరువాత వ్రాసికొనెను. అతడే పిమ్మట ఇరానుదేశపు ప్రసిద్ధ రచయితయైన జలాల్ ఆలె అహ్మద్. ఆ ఊరేగింపున నడచినవారిలో వేలమంది నిజమైన కష్టజీవులు. వారి కోరికలలో చాలభాగము ధర్మమైనవి. వారి ధర్మమును పరసైనికుని లారీ పక్కన నిలువబెట్టిన నాయకులు వారికి చేసిన అపకారము ఎన్ని సంవత్సరములకును మాసిపోలేదు.

ఇట్లనుటకు కారణము కలదు. రెండు మాసములకు పూర్వము, ఆగస్టులో, తూదే సభ్యుడు రాద్మనేష్ మజ్లిస్ అనబడు శాసనసభలో లేచి, విదేశీయుల కెవ్వరికిని గుత్తలిచ్చుట తనకును తన మిత్రులకును సమ్మతము కాదనియు, స్వయముగ రైలుమార్గమును నిర్మించుకొన్న జాతి తన తైలమును తానే వెలికితీసికొనగలదనియు చెప్పియుండెను. అంతకన్న స్పష్టమైన మాట నాటి సభలో మఱియెవ్వరును పలికియుండలేదు. సోవియట్ కోరిక వెల్లడియైన పిమ్మట అదే పక్షపు పత్రికలు స్వరము మార్చెను. దక్షిణమున బ్రిటనునకు గల ప్రయోజనములను ఒప్పుకొన్నప్పుడు ఉత్తరమున రష్యాకు గల రక్షణావసరములను ఏల ఒప్పుకొనరాదని యువమేధావి ఎహసాన్ తబరీ వ్రాసెను. ఈ వాదమున ఒక తర్కము లేకపోలేదు: బ్రిటిషు గుత్తను నోరెత్తక భరించుచు రష్యా గుత్తను మాత్రము పాపమని కేకలువేయు మితవాదుల కపటమును అది బయటపెట్టెను. కాని ఒక అన్యాయమును వేఱొక అన్యాయముతో తూచి సరిచేయుట ఆ తర్కపు పర్యవసానము.

దీనికి సమాధానము చెప్పినవాడు తెహరాను ప్రథమప్రతినిధియగు మొసాదెక్. ఆయన ఆనాటికే అఱువది యేండ్లు దాటినవాడు. ఐరోపాలో న్యాయశాస్త్రము చదివినవాడు. రెజా షా కాలమున నిర్బంధ మనుభవించినవాడు. అక్టోబరు చివర ఆయన చేసిన దీర్ఘోపన్యాసమున అంకెలతోను, పూర్వపు ఒడంబడికల నిబంధనలతోను 1933 నాటి గుత్తవలన దేశమునకు కలిగిన నష్టమును ఎంచిచూపి, ఉత్తరమును రష్యాకిచ్చుట వలన సమత్వమేర్పడునను వాదమును త్రోసిపుచ్చెను. ఒక చేయి తెగినవాడు, సమతూకము కొఱకని రెండవచేతిని కూడ నఱికించుకొనునా అని ఆయన అడిగిన ప్రశ్న తెహరాను అంగళ్లలో పామరుల నోటికి కూడ ఎక్కెను. ఆయన సూచించినది వట్టి నిరాకరణము కాదు. తైలమును ఇరానే తీయవలెను. రష్యాకు కావలసిన తైలమును తగిన వెలకు అమ్మవలెను. ఇరుగుపొరుగువారితో స్నేహము క్రయవిక్రయముల రూపమున నుండవలెనే గాని స్వామ్యము రూపమున నుండరాదు. డిసెంబరు 2న ఆయన ఒక బిల్లును అకస్మాత్తుగ ప్రవేశపెట్టి, అత్యవసరమని కోరి, అదే దినమున నెగ్గించుకొనెను. దాని ప్రకారము ఏ ప్రధానమంత్రియు, ఏ మంత్రియు విదేశీయులతో తైలపు గుత్తను గూర్చి సంప్రదింపులు సాగింపరాదు. సాగించినచో 3 మొదలు 8 సంవత్సరముల కారాగారము, ప్రభుత్వోద్యోగమునుండి శాశ్వత బహిష్కారము శిక్ష.

పరసైన్యములు రాజధానిలో కవాతుచేయుచుండగా చేయబడిన ఈ చిన్న శాసనము గొప్పతనము దాని యుపాయమునందున్నది. బలవంతుడు వచ్చి సంతకము పెట్టుమని మంత్రి మెడమీద కత్తి యుంచినను, నేను పెట్టజాలను, పెట్టినచో చెఱకు పోదునని మంత్రి చెప్పుకొనుటకు ఒక ఆధారమేర్పడెను. ఆయుధబలము లేని జాతి తన మంత్రుల చేతులను తానే కట్టివేసికొని తన సొత్తును కాపాడుకొనెను.

మఱునాడు సభలో జరిగినది చరిత్రకారులు సామాన్యముగ రెండు వాక్యములలో దాటివేయుదురు. నాకు మాత్రము అది ఈ కథకు మర్మస్థానముగ కనబడుచున్నది. ఖూచాన్ ప్రతినిధి గులాంహుసేన్ రహీమియాన్ లేచి, అట్లైనచో దక్షిణమున ఇదివఱకే ఉన్న గుత్తమాట యేమని అడిగి, దానిని రద్దుచేయు బిల్లును చదివి, దానిపై సంతకము చేయుమని మొసాదెక్‌నే కోరెను. మొసాదెక్ చేయలేదు. రెండు పక్షములు చేసికొన్న ఒడంబడికను ఒక పక్షము ఏకపక్షముగ రద్దుచేయజాలదని న్యాయవాదివలె సమాధానము చెప్పెను. తూదేవారు దీనిని పట్టుకొని, ఆయన బ్రిటిషువారి మిత్రుడని చాలకాలము నిందించిరి. ఆ నింద అబద్ధమని, ఆయనయే ఆ దక్షిణతైలమును జాతీయము చేసిన 1951 సంవత్సరము నిరూపించినది. దక్షిణమంతయు బ్రిటిషు సైన్యపు గుప్పిట నుండగా అబాదానును ముట్టినచో ఆ సైన్యము శాశ్వతముగ తిష్ఠవేయుటకు సాకు దొరకునని ఆ వృద్ధుడు భయపడియుండుటకు అవకాశము కలదు. ఆయన జాగ్రత్తను నేను తప్పుపట్టను. కాని ఆనాటి సభలో సత్యము రహీమియాన్ నోట వెలువడెననియు దాచను. ఉత్తరమున ఇంకను తైలమే వెలికిరాలేదు. పుట్టని తైలమును గూర్చి దేశమంతయు అట్టుడికినట్లుడుకుచుండగా, దక్షిణమున ఏటేట లక్షలకొలది టన్నులు ప్రవహించిపోవుచున్న తైలమును గూర్చియు, దానిని తీయుచున్న వేలకొలది మనుష్యులను గూర్చియు సభ మౌనము వహించెను.

1945లో యుద్ధము ముగిసెను. సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రముపై సంతకము చేయుటతో సంధి ప్రకారము పరసైన్యములకు 1946 మార్చి 2 తుదిగడువయ్యెను. అమెరికనులు ముందే పోయిరి. బ్రిటిషువారు గడువునాటికి తొలగిరి. సోవియట్ సైన్యము మాత్రము కదలలేదు. అంతకుముందే డిసెంబరున తబ్రీజులో పీషెవారీ నాయకత్వమున అజర్‌బైజాన్ స్వపరిపాలక ప్రభుత్వమును, జనవరిలో మహాబాదులో కుర్దుల గణతంత్రమును సోవియట్ అండతో ఏర్పడియుండెను. క్రొత్తగా పుట్టిన ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి వచ్చిన మొట్టమొదటి ఫిర్యాదు ఇరానుదే. ఇరాను ప్రతినిధి హుసేన్ అలా అచట తన దేశపు పక్షము చెప్పనున్న తరుణమున, మార్చి 27న, సోవియట్ ప్రతినిధి గ్రోమికో సభ విడిచి వెడలిపోయెను.

ఈ చిక్కునుండి దేశమును తప్పించినవాడు మరల ప్రధానియైన ఖవాముస్సల్తనా. ఆయనయందు నాకు పెద్ద గౌరవము లేదు. ఆయన రాజకీయమున సూటితనము తక్కువ. కాని ఆ వసంతమున ఆయన చూపిన నేర్పును ఒప్పుకొనక తప్పదు. మాస్కోలో స్టాలిన్, మొలొతోవ్‌ల యెదుట కూర్చుండి, తైలము ఇచ్చుటకు తనకు అభ్యంతరము లేదనియు, కాని 1944 నాటి శాసనముచే తన చేతులు కట్టబడియున్నవనియు, క్రొత్త శాసనసభ ఆమోదింపవలెననియు, పరసైన్యములు దేశముననుండగా ఎన్నికలు జరుపరాదని పాతసభ శాసించిపోయినదనియు వినయముగ విన్నవించెను. ఏప్రిల్ 4న కుదిరిన ఒప్పందమున సోవియట్–ఇరాను తైలసంఘమున మొదటి 25 సంవత్సరములు రష్యాకు నూటికి 51 వంతులు, ఇరానునకు 49, తరువాతి 25 సంవత్సరములు సరిసమానముగ భాగము లేర్పడెను. శాసనసభ ఆమోదము తరువాయి. ఇరాను పట్టుదల, భద్రతామండలి చర్చ, అమెరికా ఒత్తిడి, ఈ తైలపు ఆశ అన్నియు కలిసి పనిచేసి, మే నెల మొదటి పక్షమున చివరి సోవియట్ దళము సరిహద్దు దాటెను. ఆక్రాంతదేశపు సభ చేసిన రెండు శాసనములు ఈ కార్యమున ఖవామునకు ఊతకఱ్ఱలయ్యెను.

సైన్యములు పోయిన ఆ మే నెలలోనే, ఇంతకాలము సభ వినని దక్షిణదేశపు గొంతు వినబడెను. అబాదాను ద్వీపమున వేసవి ఎండ నీడలోనే 45 డిగ్రీలు దాటును. ఆ నగరమున బ్రెయిమ్ అను పేటలో ఆంగ్లోద్యోగులకు పచ్చికబయళ్లు, తోటలు, చల్లని బంగళాలు, క్లబ్బులు. కార్మికులలో అత్యధికులకు చాపలతోను రేకులతోను కట్టుకొన్న గుడిసెలు, కిక్కిరిసిన సందులు, కొళాయికడ పొడవైన వరుసలు. ఇంటినిండ జనము, పనివానికి రోజుకూలి. వారమున కొక్క శుక్రవారము విశ్రాంతిదినము. ఆ దినమునకు కూలి లేదు. విశ్రాంతి తీసికొన్ననాడు పిల్లలకు రొట్టె లేకపోవు ఆ పద్ధతిని తొలగించి శుక్రవారపు కూలి ఇమ్మనుట వారి మొదటి కోరిక. 1946 మేడే నాడు అబాదానులో వేలకొలది జనము ఎఱ్ఱజెండాలతో నడచిరి. ఆ సభలో ఒక స్త్రీ వేదికయెక్కి, తైలము జాతికి చెందవలెనని ఎలుగెత్తి పలికెను. శాసనసభలో రహీమియాన్ అడిగిన ప్రశ్నకు ఏడాదిన్నర తరువాత ఇట్లు జనసమూహమున నడుమ బదులు వచ్చెను.

అదే నెలలో ఆఘాజారీ తైలక్షేత్రమున సమ్మె జరిగెను. మండుటెండలో సమ్మెకారుల బస్తీలకు నీటి సరఫరాను కంపెనీ నిలిపివేసెను. తెహరాను ప్రభుత్వము కల్పించుకొనుటచే తగవు తీఱినది. మే 18న ఖవాము మంత్రివర్గము వారమునకు 48 గంటల పనిని, కనిష్ఠవేతనమును, శుక్రవారపు కూలిని నిర్ణయించు కార్మికశాసనమును వెలువరించెను. కాగితముమీద అది పశ్చిమాసియాలో అప్పటికెక్కడను లేనంత ఉదారమైన శాసనము. కంపెనీ దానిని అమలుపఱుచుటకు తటపటాయించెను. అబాదాను చేరియున్న ఖూజిస్తాను రాష్ట్రపు గవర్నరు జనరలు మిస్బాహ్ ఫాతమీ కంపెనీ కొమ్ముకాయుచున్నాడని కార్మికులు కుపితులైరి. అరబ్బు తెగలవారితో ఒక పోటీసంఘము, కంపెనీ ప్రోత్సాహముతో, లేచెను.

జులై 14న ఖూజిస్తాను సమస్తము స్తంభించెను. శుద్ధి కర్మాగారము, బావులు, రేవులు మాత్రమే గాక, లారీలు నడుపువారు, వీథులూడ్చువారు, నిప్పులార్పువారు, దొరల యిండ్లలో వంటవారు, దాదులు కూడ పనిమానిరి. సమ్మెకారుల సంఖ్య 60,000 దాటెను. పశ్చిమాసియా చరిత్రలో అంతటి సమ్మె అంతకుముందు జరుగలేదు. గవర్నరు జనరలును తొలగించుట, కార్మికశాసనమును అమలుజరుపుట, శుక్రవారమునకు కూలియిచ్చుట అను కోరికలతో వారు నిలిచిరి. సంఘపు స్వచ్ఛందసేవకులు యంత్రములకు కాపుండిరి. దారులలో శాంతిని వారే కాపాడిరి. ఆ దినములలో ఆ ప్రాంతపు నిజమైన అధికారము కార్మికసంఘముచేతనే యుండెనని బ్రిటిషు ఉద్యోగులే తమ నివేదికలలో ఒప్పుకొనిరి. అయినను మొదటిరాత్రియే అబాదానులో అరబ్బు సంఘమువారికిని సమ్మెకారులకును ఘర్షణ చెలరేగి, సైనికులు కాల్పులు జరుపగా, పలువురు మరణించిరి, గాయపడినవారు వందలసంఖ్య. చచ్చినవారు ఇరుపక్షములను పేదలే. తెగల పేర వారిని ఎదురెదురుగ నిలిపినవారిలో ఒక్కనికైనను దెబ్బతగలలేదు. ఖవాము తన సహచరుడు ముజఫర్ ఫిరూజ్‌ను విమానమున పంపెను. ఆయన వెంట తూదే నాయకులును వచ్చిరి. మూడవనాటికి శుక్రవారపు కూలి దొరకెను, సమ్మె ముగిసెను.

ఆ వారము లండనులో జరిగిన సంగతి యొకటి ఇచట చెప్పక విడువలేను. బ్రిటను దేశపు బొగ్గుగనులన్నిటిని జాతీయము చేయు శాసనమునకు రాజామోదము లభించినది 1946 జులై 12న. అబాదాను సమ్మెకు సరిగా రెండు దినములు ముందు. ఆ శాసనమును చేసినది కార్మికపక్ష ప్రభుత్వము; విదేశాంగసచివుడు ఎర్నెస్ట్ బెవిన్ జీవితమంతయు కార్మికసంఘములలో గడపినవాడు. భూగర్భమందలి సంపద జాతిదని తమ దేశమున ఒప్పుకొన్న ఆ పెద్దలు, ఆ న్యాయము సముద్రములు దాటదని తలచిరి కాబోలు, అబాదాను యెదుటికి యుద్ధనౌకలను, నది కావలనున్న బస్రాకు హిందూసైన్యపు దళమును పంపిరి. కంపెనీ వాటాలలో సగమునకు మించినవి 1914 నుండి బ్రిటిషు ప్రభుత్వముచేతనే యుండుట మఱవరాదు.

ఆ దళమున పోయిన సిపాయీల స్వదేశమున ఆ జులైలో ఏమి జరుగుచుండెనో తలంచుకొన్నచో మనస్సు కలుక్కుమనును. జులై 11న మన తపాలా, తంతి ఉద్యోగులు దేశవ్యాప్తముగ సమ్మె మొదలుపెట్టియుండిరి; వారికి సానుభూతిగ ఆ నెలలోనే బొంబాయిలోను కలకత్తాలోను సార్వత్రిక సమ్మెలు జరిగెను. స్వగ్రామమునకు ఉత్తరము చేరని సిపాయి, తన సోదరునివంటి కార్మికుడు కూలి యడిగినందులకు, వాని యెదుట తుపాకి పట్టుకొని నిలువవలసివచ్చెను. పరదేశములపై హిందూసైన్యమును వినియోగించుటను కాంగ్రెసు ఎన్నో ఏండ్లుగ ఖండించుచు వచ్చెను. ఆ ఖండనము బస్రా విషయమున ఎంత న్యాయమైనదో ఈ వృత్తాంతము చదివిన ప్రతివానికి తెలియును.

తరువాతి కథ శీఘ్రముగ నడచెను. ఆగస్టు మొదట ఖవాము ముగ్గురు తూదే నాయకులను మంత్రులనుగా చేసికొనెను; సెప్టెంబరున దక్షిణపు తెగలు తిరుగబడగా అక్టోబరున వారిని వదలించుకొనెను. సంఘనాయకులు అనేకులు చెఱపాలైరి. డిసెంబరున ఇరాను సేనలు తబ్రీజు ప్రవేశించెను. పీషెవారీ రష్యాకు పాఱిపోయెను. మహాబాదు నాయకుడు ఖాజీ మహమ్మదు 1947లో ఉరితీయబడెను. ఉత్తరతైలపు ఒప్పందము క్రొత్త సభ యెదుటికి వచ్చునప్పటికి దానిని బలపఱచుటకు సైన్యమును లేదు, భయమును లేదు. 1947 అక్టోబరు 22న సభ, ఇద్దఱు మాత్రమే ప్రతికూలింపగా, 102 మంది ఓట్లతో దానిని త్రోసిపుచ్చెను. 1944 శాసనము ప్రకారము ఖవాము శిక్షార్హుడే. ఆయన సదుద్దేశముతో చేసెనని అదే తీర్మానమున వ్రాసి సభ ఆయనను శిక్షనుండి తప్పించెను.

ఆ తీర్మానము చివర వేఱొక నిబంధనము చేర్చబడియున్నది. జాతి హక్కులకు భంగము కలిగిన ప్రతిచోటను, ముఖ్యముగ దక్షిణతైలము విషయమున, ఆ హక్కులను తిరిగి సంపాదించుటకు ప్రభుత్వము వలసిన చర్యలు గైకొని ఫలితమును సభకు తెలుపవలెను. మూడేండ్లకు పూర్వము ఒంటరిగ లేచి, సంతకముల కొఱకు చేయిచాచి, విఫలుడై కూర్చుండిన ఖూచాన్ ప్రతినిధి ప్రశ్నను ఇప్పుడు సభ యావత్తు తనదిగ చేసికొనెను. నడుమ జరిగిన ఖూజిస్తాను సమ్మె లేనియెడల ఆ నిబంధనము పుట్టియుండెడిది కాదని నా దృఢవిశ్వాసము. ఆ నిబంధనమును పట్టుకొని తెహరాను ప్రభుత్వము కంపెనీతో ఆరంభించిన సంప్రదింపులను, 1949 నాటి అనుబంధపు ఒడంబడికను, దానిపై సభలో రేగిన తుపానును వచ్చు ప్రకరణమున వివరించెదను.